మన ఊరి కంపెనీ



ఒకప్పుడు భాగ్యనగరమున ఏ మూలనుండియైనను ఆటో ఎక్కి "పి.ఎఫ్. ఆఫీసు" అన్నచో, నడుపువాడు మారు ప్రశ్న లేక బండిని బర్కత్‌పురకు త్రిప్పెడివాడు. ఆజమాబాదు కర్మాగారములలోనో, సనత్‌నగరు యంత్రశాలలలోనో ముప్పదియేండ్లు చెమటోడ్చినవారు, జీతమునుండి నెలనెల కోతపడి పేరుకొనిన భవిష్యనిధిని పదవీవిరమణానంతరము చేజిక్కించుకొనుటకై ఆ భవనపు మెట్లెక్కి, కిటికీల యెదుట నిలిచి, సంతకములు సరిచూపించుకొని, కడపట చెక్కు సంపాదించి దిగెడివారు. చెక్కు చేతికి వచ్చిన మరునాటినుండి గృహస్థునకు క్రొత్త చింత మొదలగును. బ్యాంకువడ్డీ ఏటేట దిగుచుండును, కందిపప్పు ధర నెలనెల ఎక్కుచుండును. ప్రక్కవాటాలోనివారు షేర్లు కొని మేడమీద మేడ వేయుచున్నారని ఇల్లాలు చెప్పును. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ వీధులలో గుమాస్తాలు, ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు కట్టుకొనిన చిన్నచిన్న యిండ్లలో ఈ సంభాషణ జరుగని యిల్లు అరుదు. షేరుబజారు ఉబ్బినప్పుడెల్ల ఆ చెక్కు సొమ్ము ఏ త్రోవ పట్టినది, ఎందువలన పట్టినది అనునదే నేటి నా ప్రసంగవిషయము.

ఒక కంపెనీ వాటా ధరకు ఆధారములు రెండు. ఆ కంపెనీ వ్యాపారము చేసి గడించు లాభము ఒకటి. రేపు తనకంటె ఎక్కువ యిచ్చి కొనువాడు వచ్చునను నమ్మకము రెండవది. మొదటిది మెల్లగా పెరుగును, రెండవది రాత్రికి రాత్రి పెరుగగలదు. రెండవదానిమీదనే ధర నిలిచినప్పుడు దానికి బుడగ యని పేరు. 1720లో లండనునందు సౌత్ సీ కంపెనీ వాటాలు ఒక్క యేడాదిలోనే నింగికెగసి నేలగూలినవి. 1865లో అమెరికా అంతర్యుద్ధము ముగిసి ప్రత్తిధర పడిపోగానే, సముద్రమును పూడ్చి భూమి చేయుదుమన్న బ్యాక్‌బే కంపెనీ వాటాలతోపాటు బొంబాయి వర్తకులలో అనేకుల సంపద కరగిపోయినది. ఈ కథలు గ్రంథములలో విరివిగా నున్నవి కనుక వానిని విడిచి మన యూరికి వత్తము.

హైదరాబాదు స్టాక్ ఎక్స్చేంజి 1943లో, నిజాము ప్రభుత్వకాలముననే, పుట్టినది. తరువాతి దశాబ్దములలో అది బర్కత్‌పురకు కూతవేటు దూరమున, హిమాయత్‌నగరులో నుండెను. సిర్పూరు కాగితపు మిల్లు, బోధనులోని నిజాం చక్కెర ఫ్యాక్టరీ వంటివాని వాటాలను పూర్వులు కొని, పెట్టెలో నుంచి, యేటేట వచ్చు డివిడెండును బియ్యపు ఖర్చున కలుపుకొనెడివారే కాని, నేటి ధర యెంతయని ప్రతిదినము విచారించెడివారు కారు. వారికి వాటా యనగా ఆదాయమిచ్చు ఆస్తి.

ఆ దృష్టి మారినది 1990 తరువాత. 1990 జూలైలో వేయి అంకెను తొలిసారిగా దాటిన బొంబాయి షేరుబజారు సూచిక 1992 ఏప్రిలు నాటికి 4467కు చేరెను. హర్షద్ మెహతా యను దలాలు బ్యాంకుల సొమ్మును ప్రభుత్వపత్రముల లావాదేవీల చాటున బజారులోనికి మళ్ళించి, ఏ.సి.సి. సిమెంటు వాటాను రెండువందలనుండి తొమ్మిదివేల దరిదాపునకు త్రోసెనని ఆ ఏప్రిలులోనే బయటపడినది. బజారు కూలినది. ఇది బొంబాయి కథయే యైనను, దాని వెనువెంటనే నడచిన యుపకథ మాత్రము అచ్చముగా మనది.

1992 మే నెలలో, కొత్త వాటాలను ఎవరు, ఏ ధరకు అమ్మవచ్చునో నిర్ణయించుచుండిన పాత చట్టమును కేంద్రప్రభుత్వము తొలగించెను. సెబీ యను నియంత్రణసంస్థకు చట్టబలము అప్పుడప్పుడే సంక్రమించినది. దానికి కోరలింకను మొలవలేదు. ఈ సందున వందల కొలది పబ్లిక్ ఇష్యూలు వెలువడినవి. కోస్తా జిల్లాలలో టైగర్ రొయ్య డాలర్లు కురిపించుచుండిన కాలమది. నెల్లూరు తీరమున చెరువులు త్రవ్వించి రొయ్యలను జపానుకు ఎగుమతి చేయుదుమను కంపెనీలు, గులాబీలు పెంచి విదేశములకు విమానములలో పంపుదుమను కంపెనీలు, గ్రానైటు కంపెనీలు ఒకదాని వెంట నొకటి దరఖాస్తులను పంచిపెట్టెను. దలాలు దుకాణముల యెదుట గుట్టలుగా పోసిన ఆ దరఖాస్తులను నింపి, భార్య పేర నొకటి, తండ్రి పేర నొకటి, అత్తగారి పేర నొకటి పంపి, ఎలాట్‌మెంటు వచ్చిన తోడనే అమ్మి లాభపడవలెనను విద్య మధ్యతరగతి యిండ్లకు అలవడెను. ఆ రొయ్యల చెరువు ఎక్కడ నున్నదో కాని, దానిలో నీరున్నదో లేదో కాని విచారించినవారు అరుదు. 1994లో తెల్లమచ్చల వ్యాధి వచ్చి తూర్పుతీరపు చెరువులను తుడిచిపెట్టెను; 1996 డిసెంబరు 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము తీరప్రాంత నియంత్రణ మండలములోని రొయ్యల చెరువులను తొలగింపుడని తీర్పు చెప్పెను. వ్యాధి రాక, తీర్పు లేక కూలిన కంపెనీలు ఇంకను అనేకము. సొమ్ము వసూలు చేసి, నమోదు చేసిన చిరునామాలో కనబడకుండ పోయిన యిట్టి సంస్థలు దేశమున రెండువందలకు పైబడి యున్నవని ప్రభుత్వమే లెక్క తేల్చి, వానికి "మాయమైన కంపెనీలు" అని పేరు పెట్టవలసి వచ్చినది. సర్కారు దస్తావేజులలో ఇంత కవిత్వము తరచుగా కనబడదు.

రొయ్యల కంపెనీలలో పోయినది ఒకింటికి అయిదువేలో, పదివేలో. మన యూరివారి మనసులకు నిజముగా గాయము చేసినవి ఆ పిదప వచ్చిన రెండు పేర్లు. గ్లోబల్ ట్రస్టు బ్యాంకు వానిలో మొదటిది. ప్రయివేటు రంగమున కొత్త బ్యాంకులకు అనుమతి లభించినప్పుడు ముందువరుసలో నిలిచి, సికిందరాబాదు కేంద్రముగా 1994లో తలుపులు తెరచిన ఆ బ్యాంకు వాటాలకై జనము అనేక రెట్లు ఎగబడిరి. చల్లని గదులు, మెరయు బల్లలు, చిరునవ్వు మోములు గల బ్యాంకును ప్రభుత్వ బ్యాంకుల క్యూలలో నలిగిన మన నగరవాసి అంతకుముందు చూచియుండలేదు. "మన ఊరి బ్యాంకండీ, ఎక్కడికి పోతుంది?" అను మాట అప్పుడు పుట్టినది. ఈ మాటను శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను.

ఇంతలో కంప్యూటరు యుగము వచ్చిపడినది. 1998 నవంబరులో ప్రధానమంత్రి వాజపేయిగారు మాదాపురమున సైబర్ టవర్సును ప్రారంభించిరి. నిన్నటివరకు రాళ్ళగుట్టలుగా నుండిన నేలమీద అద్దాల మేడ లేచుట కన్నులార చూచినవారికి సాఫ్ట్‌వేరు వాటా ఎంత ధరకైనను చవుకయే యని తోచుట సహజము. ప్రతి వీధిలో అమెరికాకు పోయిన కుమారుడొకడుండెను. ప్రతి కుమారుడును ఉత్తరమునకు మారుగా ఈమెయిలు వ్రాయుచుండెను. రెండు రూపాయల ముఖవిలువ గల విప్రో వాటా 2000 ఫిబ్రవరిలో పదివేల రూపాయల సమీపమునకు చేరెను. నిన్నటివరకు ఫైనాన్సు కంపెనీలుగా నుండినవి పేరు చివర ఇన్ఫోటెక్ అనియో, డాట్‌కామ్ అనియో తగిలించుకొన్నంత మాత్రముననే వాని వాటాలు రెండింతలయ్యెను. సత్యం కంప్యూటర్సు వారి పిల్ల కంపెనీ యగు సత్యం ఇన్ఫోవే 1999 అక్టోబరులో ఒక్కొక్క పత్రమును 18 డాలర్లకు అమ్మి అమెరికాలోని నాస్‌డాక్ బజారున ప్రవేశించి, నాలుగు నెలలు తిరుగకమునుపే 320 డాలర్లకు మరికొన్ని పత్రములను అమ్మగలిగెను. ఈ మధ్యకాలముననే అది ఇండియావరల్డ్ యను ఇంటర్నెట్ సంస్థను 499 కోట్ల రూపాయలకు కొనుటకు ఒప్పందము చేసికొనెను. కొనబడిన సంస్థ రాబడితో పోల్చి చూచినచో ఆ ధరకు అర్థమే లేదు. ఆనాడు పోల్చి చూచిన వారును లేరు.

2000 మార్చి 10వ తేదీన నాస్‌డాక్ సూచిక 5048 దగ్గర శిఖరమును తాకినది. రెండు వారముల తరువాత, మార్చి 24న, అమెరికా అధ్యక్షుడు క్లింటను హైదరాబాదునకు వచ్చి హైటెక్ సిటీలో ప్రసంగించెను. నగరమంతయు తోరణములతో పులకించిన ఆ దినమున, ఏ కెరటముపైనెక్కి మనము అంత ఎత్తునకు లేచితిమో ఆ కెరటము అప్పటికే విరిగినదని ఎవరికిని తెలియదు. బుడగ పగిలిన శబ్దము వెంటనే వినబడదు. తొలి పతనమును జనులు చవుక బేరమని భ్రమించి మరికొంత కొందురు. నాస్‌డాక్ 2002 అక్టోబరు నాటికి 1114కు దిగి, తిరిగి పాత శిఖరమును చేరుటకు పదునైదేండ్లు పట్టెను. అరువదియేండ్ల ప్రాయమున కొన్నవాడు డెబ్బదియైదవ యేట అసలు చూచునని దీని భావము. విప్రో మంచి కంపెనీ. దాని లాభములు సత్యములు. ఐనను శిఖరమున కొన్నవానిని ఆ మంచితనము బహుకాలము కాపాడలేదు.

2001 మార్చిలో కేతన్ పారేఖ్ అను మరియొక దలాలు పట్టువడెను. అతడు పైకెత్తిన పది వాటాలలో సత్యం కంప్యూటర్సు ఒకటి; అతనితోడి సంబంధములచే చిక్కులలో పడిన బ్యాంకులలో మన గ్లోబల్ ట్రస్టు ఒకటి. ఆ జనవరిలో ఆ బ్యాంకునకును యు.టి.ఐ. బ్యాంకునకును విలీనము జరుగునని ప్రకటన వెలువడి, దానికి ముందే వాటా ధర అనుమానాస్పదముగా పెరిగినదని ప్రశ్నలు లేచి, విలీనము ఆగిపోయినది. జూలైలో, షేరుబజారు తమకు పడదని యూనిట్ ట్రస్టువారి యు.ఎస్.-64 పథకమున సొమ్ముంచిన వృద్ధులకు, ఆ పథకమున ఆరు నెలలు అమ్మకములు, కొనుగోళ్ళు నిలిపివేయబడినవను వార్త పిడుగువలె తాకెను. షేర్లకు దూరముగా నున్నామనుకొన్నవారి సొమ్ము సైతము వారికి తెలియకయే షేర్లలోనికి, అందును టెక్నాలజీ వాటాలలోనికి, పోయియున్నది.

గ్లోబల్ ట్రస్టు బ్యాంకు మరి మూడేండ్లు ఈడ్చుకొని వచ్చి, 2004 జూలై 24న మారటోరియములో పడెను. ఖాతాదారు పదివేలకు మించి తీసికొనరాదనిరి. మూడు వారములలో దానిని ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్సులో కలిపివేసిరి. డిపాజిటుదారులకు పైసా నష్టము లేదు. వాటాదారులకు దక్కినది సున్న. ఒకే బ్యాంకు, ఒకే కిటికీ, ఒకే కుటుంబము. భర్త పేర డిపాజిటు, భార్య పేర షేర్లు. భర్త సొమ్ము యథాతథముగా నిలిచెను, భార్య సొమ్ము సమూలముగా పోయెను. అప్పిచ్చినవానికిని, వ్యాపారమున పాలుపంచుకొన్నవానికిని గల భేదమును ఏ పాఠ్యపుస్తకమును ఇంత స్పష్టముగా బోధింపలేదు.

ఇన్ని జరిగిన పిదపయైనను మనము మేలుకొంటిమా? 2008 జనవరిలో రిలయన్స్ పవర్ వాటాలకై, ఇంకను విద్యుత్తు ఉత్పత్తియే ప్రారంభింపని కంపెనీకి, దేశము డెబ్బదిరెట్లకు పైగా దరఖాస్తులను సమర్పించెను. 450 రూపాయల వాటా బజారున ప్రవేశించిన తొలిదినముననే 372 రూపాయల చిల్లరకు దిగినది. ఆ యేడాది ముగియునప్పటికి, నేను చెప్పిన రెండు పేర్లలో రెండవదగు సత్యం వంతు వచ్చినది.

1987లో స్వల్పసంఖ్యాకులగు ఉద్యోగులతో ఆరంభమై, న్యూయార్కు బజారు వరకును ఎదిగి, ఏబదివేల మందికి పైగా పని కల్పించిన సత్యం కంప్యూటర్సు వాటా చేతనుండుట మన యూరివారికి లాభము మాత్రమే కాదు, గౌరవము. 2008 సెప్టెంబరులో దానికి సుపరిపాలనకు గాను గోల్డెన్ పీకాక్ పురస్కారము లభించెను. డిసెంబరు 16న, యజమాని కుటుంబమునకు చెందిన మేటాస్ సంస్థలు రెండింటిని 160 కోట్ల డాలర్లకు కొనుటకు డైరెక్టర్లు సమ్మతించి, వాటాదారులు కన్నెఱ్ఱ చేయగా కొన్ని గంటలలోనే వెనుకకు తగ్గిరి. 2009 జనవరి 7న అధ్యక్షుడు రామలింగరాజుగారు స్వయముగా లేఖ వ్రాసి, లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిలువలలో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకొనెను. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్ల నిర్వహణ లాభము చూపగా, నిజమైనది 61 కోట్లేనని ఆ లేఖయే చెప్పినది. ముందునాడు 179 రూపాయలున్న వాటా ఆ సాయంత్రమునకు 40కి దిగువకు జారెను. 2015 ఏప్రిలులో ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజుగారితో కలిపి పదిమందిని దోషులుగా నిర్ణయించి యేడేండ్ల శిక్ష విధించెను. వారు అప్పీలు చేసికొని బెయిలు పొందిరి.

ఈ ఉదంతమును బుడగ యనవచ్చునా, మోసము కదా యని ఆక్షేపింపవచ్చును. నా దృష్టిలో బుడగకును మోసమునకును నడుమ గోడ లేదు. ధర ఒకసారి లాభమును మించి పరుగెత్తిన పిదప, ప్రతి మూడు నెలలకు బజారు కోరిన లాభమును చూపవలసిన యొత్తిడి కంపెనీమీద పడును. నీతిగల యజమాని ధర పడనిచ్చును. నీతి సడలినవాడు లాభమును వ్రాసికొనును. మోసగాండ్రు బుడగకు పూర్వము కూడ నుందురు. బుడగ వారికి శ్రోతలను సమకూర్చును.

మరి, చూడదలచినవానికి చిహ్నములు కనబడలేదా? కనబడినవి. 2001లో నాలుగవ వంతునకు పైబడి యుండిన యజమాని కుటుంబపు వాటా 2008 నాటికి నూటికి తొమ్మిది లోపునకు తగ్గినది. ఇంటి యజమాని తన గదులను తానే ఒక్కొక్కటిగా అమ్ముకొనుచుండగా, మనము ఆ యింటినే బంగారమని కొనుచుంటిమి. ఉన్న వాటాలను కూడ వారు తాకట్టు పెట్టియుండిరి. అట్టి తాకట్టులను బహిరంగపరచి తీరవలెనను నిబంధనను సెబీ ఈ యుదంతము తరువాతనే తెచ్చినది. వేలకోట్ల నగదు బ్యాంకులో మూలుగుచున్నదని చెప్పు కంపెనీ, ఆ నగదును వాటాదారులకు పంచక, దానితో గొప్ప పని యేదియు చేయక ఎందుకుంచుకొనెనను ప్రశ్న సామాన్యునకును తోచదగినదే. తోచలేదు. ఎందుకనగా అది మన యూరి కంపెనీ.

మధ్యతరగతివారు దురాశచే చెడిరనుట లోకములో పరిపాటి. నేను దానిని అంగీకరింపజాలను. దురాశాపరుడు తొందరగా కొని తొందరగా అమ్మును. అతడు కొంత తప్పించుకొనును. పూర్తిగా మునిగినవాడు నమ్మినవాడు. తమ వీధి పిల్లవానికి ఉద్యోగమిచ్చిన కంపెనీయని, తమ యూరి పేరు దేశాంతరములకు మోసినదని, ధర పడుచున్నను అమ్ముట ద్రోహమని భావించి నిలుపుకొన్నవాడు. పశువుల సంతలో పొరుగూరివాని యెద్దును పళ్ళు పట్టి చూచి, నాలుగడుగులు నడిపించి చూచి కొను రైతు, మేనమామ తోలుకొనివచ్చిన యెద్దును మాత్రము పలుపు పట్టుకొని ఇంటికి తెచ్చుకొనును. అభిమానము ఉండవలసినదే. దానిని ఆ కంపెనీ జట్టు క్రికెట్టు ఆడునప్పుడు చప్పట్లుగా చూపుదము. వార్షిక నివేదిక చదువునప్పుడు మాత్రము, మనకు సరిపడని యూరివాని కంపెనీ యన్నట్లు చదువుదము. లాభము చూపిన చోట ఆ లాభము నగదుగా వచ్చినదో, బాకీలుగా నిలిచినదో చూచుటకు చార్టర్డ్ అకౌంటెంటు కానక్కరలేదు. నగదు ప్రవాహమని యొక పుట అందులో వేరుగా నుండును.

హిమాయత్‌నగరు ఎక్స్చేంజి కాలము ముగిసినది. 2007లో దాని గుర్తింపు రద్దయ్యెను. నేడు బజారు అరచేతిలోని సెల్‌ఫోనుకు వచ్చినది. అశోక్‌నగరు కోచింగ్ సెంటర్లలో గ్రూపు పరీక్షలకు చదువు యువకులు పాఠమునకును పాఠమునకును నడుమ ఆప్షన్లు కొని యమ్ముచున్నారు. వారికి సెబీ 2024లో ప్రకటించిన యొక లెక్క చెప్పవలెను: 2021-22 నుండి మూడేండ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లలో దిగిన కోటిమందికి పైబడిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి, అందరి నష్టము కలిసి 1,80,000 కోట్ల రూపాయలు మించినది. పరీక్షలో నూటికి ఏడుగురే ఉత్తీర్ణులగుదురని తెలిసియు, అద్దె సొమ్మును ఫీజుగా కట్టి కూర్చుండువానిని వానింటివారు ఏమందురో వానికే తెలియును.

షేర్లన్నియు విషమని నేననుట లేదు. బర్కత్‌పుర కార్యాలయము ఏ సంస్థదో ఆ భవిష్యనిధి సంస్థయే 2015 ఆగస్టునుండి షేరుబజారున ప్రవేశించినది. ప్రవేశించిన తీరు మాత్రము గమనింపదగినది. కొత్తగా వచ్చు సొమ్ములో తొలుత నూటికి అయిదు, రెండేండ్లకు పదునైదు. ఏ యొక్క కంపెనీని నమ్మక, సూచికలోని కంపెనీలన్నింటిని కలిపి కొను నిధులద్వారా. బజారు ఉరికిన నెలలోను, కుంగిన నెలలోను సమానముగా. ఇందులో ఉత్సాహము లేదు, ఊరి పేరు లేదు, చెవిలో ఊదిన రహస్యము లేదు. పదవీవిరమణ చేసినవారు తమ చెక్కు సొమ్మును ఎట్లు విభజింపవలెనో ఆ చెక్కు నిచ్చిన కార్యాలయమే చూపుచున్నది. వైద్యమునకు, నిత్యావసరములకు కావలసినది డిపాజిటుగనే యుండవలెను. షేర్లలో పెట్టునది పదేండ్లు కంటబడకున్నను కలత కలిగింపనిదై యుండవలెను. అప్పుచేసి కొనుట ఎంతమాత్రము కూడదు.

కడపట నొక విన్నపము. మీ యిండ్లలో అటకమీదనో, ట్రంకుపెట్టె యడుగుననో పాత కాగితపు షేరు పత్రములు ఇప్పటికిని ఉండియుండవచ్చును. గ్లోబల్ ట్రస్టు పత్రములకు విలువ లేదు. సత్యం పత్రములు అట్లు కావు: ఆ కంపెనీని 2009లో టెక్ మహీంద్ర చేజిక్కించుకొని, 2013 జూనులో తనలో కలుపుకొనినప్పుడు, ప్రతి 17 సత్యం వాటాలకు 2 టెక్ మహీంద్ర వాటాలిచ్చెను. ఏడేండ్లు వరుసగా డివిడెండు తీసికొనని వాటాలు ప్రభుత్వపు మదుపుదారుల రక్షణ నిధికి బదిలీ యగును. ఐనను హక్కుదారుడో, వారసుడో ఐ.ఇ.పి.ఎఫ్.-5 అను దరఖాస్తు సమర్పించి వానిని తిరిగి పొందవచ్చును. తలిదండ్రుల పేర నున్న పత్రములను ఈ యాదివారము దింపి, పేర్లు, ఫోలియో సంఖ్యలు వ్రాసికొని, కంపెనీవారికి ఒక జాబు వ్రాయుడు.